అర బీటు ముందు

మార్చి 9, సోమవారం

పాటలోంచి మమ్మల్ని తీసేశాడు అన్నయ్య.

నన్నొక్కదాన్నే తీసేసుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్నేమో. నాతోపాటు లాండ్రీలో మేం అక్క అని పిలిచే మనిషిని తీసేశాడు, మిరపకాయని తీసేశాడు, సెలవు రోజు నిద్ర మానుకుని స్టూడియోకి వచ్చి అరిచిన ఇస్త్రీ హాలు ఆడవాళ్ళందరినీ తీసేశాడు. మేమున్న చోటంతా తన గొంతు పోసుకున్నాడు. పోసుకున్నాడనే రాస్తాను. అది గొంతులా లేదు, డ్రైనేజీ మూత తీసినట్టుంది.

పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే వచ్చి చెవిలో ఇయర్‌ఫోన్ దోపాడు. "విను, అదిరిపోతుంది" అన్నాడు, కొత్త చొక్కా తొడుక్కున్న మొహంతో. ముందు గిటారు ఒక్కటే, మెల్లగా, ఎవరో టార్చిలైటు పట్టుకుని గుహలోకి దిగుతున్నట్టు. మా పాటలో గుహ ఎక్కడిది? మా పాట తలుపు తన్నినట్టు మొదలవుతుంది, నిమిషం దాటి ఇంకాస్త ఉంటుంది, అయిపోతుంది. ఇప్పుడది ఐదు నిమిషాలు. మధ్యలో గిటారు సోలో. కింద మా బ్యాండు డబ్బాగాడి డ్రమ్ములు, రెండు కాళ్ళతో కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకటక. దాని మీద అన్నయ్య గర్జన. ఒక్క మాట అర్థమైతే ఒట్టు. ఆ మాటలు రాసింది నేను. నాకే అర్థం కాలేదు.

నురగ మింగేసి నిలబడ్డాను. నచ్చిందనుకున్నాడు కాబోలు, ఇయర్‌ఫోన్ పీకి స్పీకర్లో పెట్టాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఎవరికిరా వాంతులు?" అంది.

నవ్వాల్సింది. నవ్వు రాలేదు.

అక్కకి ఆపరేషనై వారం. ఈ సంగతి ఆమె చెవిన పడకూడదు. రేపు వెళ్ళి చూసొస్తాను.

మార్చి 10, మంగళవారం

వెళ్ళలేదు. షిఫ్టు ఆలస్యంగా వదిలారు. రేపు వెళ్తాను.

మార్చి 11, బుధవారం

టీ విరామంలో మిరపకాయ పట్టుకుంది. మనిషి నా భుజం దాకా కూడా రాదు, నోరు మాత్రం హాలంతా.

"ఏమే, మన పాట వచ్చిందటగా? ఇటివ్వు, మా ఆయనకి వినిపించి భయపెట్టాలి."

"వచ్చింది. అందులో మనం లేం."

"మనం లేకుండా మన పాటేంటే?"

"అన్నయ్య దాన్ని మెటల్ చేశాడు."

"ఇనుమా?"

"ఇనుము కాదు తల్లీ. అదో రకం సంగీతం. మనది హార్డ్‌కోర్ పంక్. అది వేరు, ఇది వేరు."

టీ ఊదుకుంది. "రెండూ అరుపులేగా. మా పక్కింటాయనకి నువ్వు ఏది పెట్టినా ఒకటే, గోడ గుద్దుతాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తేడా చెప్పలేకపోయాను. ఇక్కడైనా సరిగ్గా పెడతాను. నాకు ఎవరూ నేర్పలేదు, పాత ఫోన్లో పాటలు విని విని నేర్చుకున్నదే. తప్పుంటే ఉండనీ.

థ్రాష్ మెటల్ మాకు దగ్గరి చుట్టం. వేగం మా దగ్గర నేర్చుకుంది. కానీ చేతిలో విద్య ఉంటే చూపించకుండా ఉండలేదు, పాటని ఆపి మరీ వేళ్ళు పరిగెత్తిస్తుంది. డెత్ మెటల్లో గొంతు మనిషి గొంతు కాకుండా పోవాలి. దాని అందం అదే, ఒప్పుకుంటాను. డూమ్ మెటల్ తడి దుప్పట్ల బండిని ఎత్తు మీదికి తోస్తున్నట్టు నడుస్తుంది. కొన్ని రోజులు అదే వింటాను నేను, షిఫ్టు దిగి వచ్చాక కాళ్ళు లేవనప్పుడు. గ్రైండ్‌కోర్ మాకంటే పొట్టిది, మాకంటే వేగం, మాటలు నుజ్జు నుజ్జు. మెటల్‌కోర్ మా ఇంట్లో పుట్టి వాళ్ళింట్లో పెరిగిన పిల్ల. పాట ఉన్నట్టుండి ఆగి, బరువుగా కుంగుతుంది. జనం ఆ కుంగుడు కోసమే చూస్తుంటారు, అది రాగానే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు. అన్నయ్య చేసింది ఇదీ. చెడ్డగా చెయ్యలేదు. బాగానే వాయించాడు దరిద్రుడు.

మరి మాది? మాకు వేదిక ఉండదు. నేల మీదే వాయిస్తాం, జనం కాళ్ళు మా వైర్లలో ఉంటాయి. పాట పొట్టిగా ఎందుకుంటుందంటే చెప్పాల్సింది అయిపోతుంది గనక. మైకు నా చేతిలో ఉండేది సగం సేపే, మిగతా సగం ముందు వరసలో ఎవరి నోటి దగ్గరుంటే వాళ్ళది. మాటలు అందరికీ తెలిసి ఉండాలి, అందరి నోటా రావాలి. వింటున్నవాడికీ అరుస్తున్నవాడికీ మధ్య గీత ఉండకూడదు. మెటల్‌కి ఆ గీత కావాలి. అటువైపు నిలబడినవాడు మనకంటే పెద్దగా, భయంకరంగా కనపడాలి.

కారు షెడ్డులో వాయించిన రోజు ముందుకొచ్చి మైకు లాక్కుంది అక్క. ఇస్త్రీ రోలర్ దగ్గర నాకు పని నేర్పిన మనిషి, మా బ్యాండుకి ఆవిరి అని పేరు పెట్టిన మనిషి. మా అమ్మ వయసు. ఇస్త్రీ హాల్లో ఎలా అరుస్తుందో అలాగే అరిచింది. పాటలో 'చెయ్యి తియ్' అన్న మాట ఆమెదే కదా, నేను తీసుకున్నాను. బయటికొచ్చాక అంది, "ఆ టీవీలో జుట్టు విరబోసుకుని అరిచేవాళ్ళు భయపెట్టడానికి అరుస్తారే. మనకి వినపడితే చాలు."

నాకు అన్నయ్య మీద కోపమేం లేదు. ఇది సంగీతం గురించిన గొడవ.

ఆసుపత్రికి వెళ్ళే బస్సు తప్పిపోయింది.

మార్చి 12, గురువారం

పోట్లాట అయింది. అయిందంటే ఏదో వాన పడినట్టు రాస్తున్నాను. నేనే పెట్టుకున్నాను.

డబ్బాగాడి గదిలో ఉన్నారు ఇద్దరూ. డబ్బాగాడు మా లాండ్రీలోనే, ఉతికే సెక్షన్. ఖాళీ బ్లీచ్ డబ్బాల మీద కొట్టి డ్రమ్ములు నేర్చుకున్నాడు. నన్ను చూడగానే మెటల్ కోసం కొన్న కొత్త డ్రమ్ము పెడలు మీద తువ్వాలు కప్పాడు.

"ఎవర్నడిగి చేశావ్?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివా?" అన్నాడు అన్నయ్య.

"లేదు."

"అందుకే అడగలేదు."

"సిగ్గు లేదూ!"

"కూర్చోవే ముందు. ఒరేయ్, దానికి నీళ్ళివ్వు."

"నీళ్ళు నువ్వే తాగు, ఆ గొంతుకి అవసరం."

డబ్బాగాడికి నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు.

అన్నయ్య నెమ్మదిగా మొదలుపెట్టాడు. అలా మొదలుపెడితే నాకు ఇంకా మండుతుంది. మైదానంలో జరిగే పెద్ద కచేరీ వాళ్ళు విన్నారట. పాట ఇంకొంచెం బరువుగా ఉంటే రెండో వేదిక మీద చోటిస్తామన్నారట.

"మన కచేరీలకి వచ్చేదెవరే? మీ లాండ్రీ వాళ్ళు, వీడి బంధువులు, దారి తప్పినవాళ్ళు ఇద్దరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను లైట్ల కింద నిలబడాలి. స్పేర్ పార్టుల కొట్లో పొద్దస్తమానం నట్లు ఏరుకునేవాణ్ణి, నాకుండదా?"

"ఉంటుంది. నీ పాటతో నిలబడు. మా పాటెందుకు?"

"నీ పక్కన నిలబడి ఎన్నాళ్ళు మూడు తీగలు గోకాలి? నాకూ నోరుంది."

"నోరుంటే నీ మాటలు రాసుకో. అక్క మాటలు ఎందుకు తీసుకున్నావ్?"

వాడు గిటారు కేబులు చేతికి చుట్టుకుంటూ, "పాట మంచిది కాబట్టి" అన్నాడు.

అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. "మంచిదైతే అక్క గొంతు ఎందుకు తీశావ్?"

"నేను తియ్యలేదు. స్టూడియో ఆయనే తీశాడు. వాళ్ళంతా తాళం తప్పారట. ప్రతిసారీ బీటు కంటే ముందే పడుతున్నారట."

"తాళం తప్పారా?"

"చెల్లాయ్, తప్పారంటే తప్పారు. నేనూ విన్నాను."

పెడలు మీద తువ్వాలు లాగి పారేసి వచ్చేశాను. వెనక డబ్బాగాడు, "నేనేమన్నాన్రా మధ్యలో" అంటున్నాడు.

మార్చి 13, శుక్రవారం

అన్నం తినకుండా ముందు ఇది రాస్తున్నాను.

రోలర్ దగ్గర తడి దుప్పటి ఇద్దరం చెరో కొస పట్టి అందిస్తాం. వేడి రోలర్లు అందుకుని లోపలికి లాక్కుంటాయి. అటువైపు ఎండి, ఇస్త్రీ అయి పడుతుంది. వేళ్ళు వెళ్ళకుండా ముందు ఒక అడ్డకడ్డీ ఉండేది. దానివల్ల పని నెమ్మదిస్తోందని తీయించారు. అప్పట్నుంచి అక్క మధ్యలో నిలబడి ప్రతి దుప్పటికీ కేక వేసేది. చెయ్యి తియ్! ఆ మోతలో అదొక్కటే వినపడేది. బట్ట రోలర్‌కి తగలకముందే పడేది కేక. మన చెవికి చేరి, చెయ్యి వదలడానికి పట్టే సమయం ఆమె లెక్కలో ఉండేది.

వాళ్ళంతా తాళం తప్పారట.

ఈరోజు అక్క చోటులో మిరపకాయ నిలబడింది. గొంతు పెద్దదే, అనుమానం లేదు. కానీ బట్ట తగలడాన్ని కళ్ళతో చూసి అప్పుడు అరుస్తోంది. సరిగ్గా బట్టతోపాటే పడుతోంది కేక. స్టూడియో ఆయన వింటే మెచ్చుకునేవాడు. మధ్యాహ్నం నాతో దుప్పటి అందిస్తున్న మా హాలు పిన్ని చొక్కా చెయ్యి అంచు దుప్పటితోపాటు వెళ్ళిపోయింది. నేను నడుము పట్టుకుని వెనక్కి లాగాను, ఎవరో మెయిన్ స్విచ్ కొట్టారు. చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగిపోయింది. చెయ్యి దక్కింది.

పిన్ని నేల మీద కూలబడి వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకుని చూసుకుంది. మిరపకాయ గోడ వైపు తిరిగి ఏడ్చింది. "నేను అరిచానే, అరిచాను కదే" అంటూనే ఉంది.

సూపర్‌వైజరు వచ్చి, వదులు చొక్కాలు వేసుకు రావద్దన్నాడు.

మార్చి 14, శనివారం

సగం పూట సెలవు పెట్టి స్టూడియోకి వెళ్ళాను. ఆసుపత్రికి రేపు.

అక్కడాయన మెడలోంచి హెడ్‌ఫోన్స్ ఎప్పుడూ తియ్యడు, అందుకని మేం ఆ పేరే పెట్టాం. మంచివాడే. కుర్చీ తుడిచి వేశాడు. ఆడవాళ్ళ కేకలు ఎందుకు తీసేశారని అడిగితే, తెర మీద గీతలు చూపించాడు.

"ఇదిగోమ్మా, ఇది బీటు. ఇది వాళ్ళు. ప్రతిచోటా అర బీటు ముందు. ఒక్కచోట అయితే తప్పు అనుకుందును, అన్నిచోట్లా ఒకటే. జరిపి చూశా. జరిపితే ప్రాణం పోయినట్టుంది, అందుకని తీసేశా."

"జరపకుండా ఉంచాల్సింది."

"మీ అన్నయ్య డ్రమ్ములన్నీ గీత మీద పెట్టించాడు. అంత కచ్చితంగా ఉన్నదాని మీద ఇది పెడితే వినేవాళ్ళు పొరపాటనుకుంటారు."

రోలర్ సంగతి చెప్పాను. చెయ్యి చూపించి చెప్పాను, బట్ట ఎక్కడుంటే కేక ఎక్కడ పడాలో. శ్రద్ధగానే విన్నాడు. "అర్థమైందమ్మా. కానీ పాట మిషను కాదు కదా, ఇక్కడ ఎవరి చెయ్యీ పోదు" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే, ఆయన చేసిన పాటకి. మాది ముందుకి తోసుకుంటూ పోయే పాట. ఎవరో వెనక తరుముతున్నట్టే ఉండాలి. అది తెలీకపోవడం ఆయన తప్పు కాదు, ఆయన దగ్గరికి ఎప్పుడూ అలాంటివాళ్ళు రారు.

"ఉన్నాయా అవి? పారేశారా?"

"ఉన్నాయి. వినిపించనా?"

మిగతావన్నీ ఆపి కేకలొక్కటే పెట్టాడు. ఖాళీ గదిలో అందరూ ఒక్కసారి. చెయ్యి తియ్! మళ్ళీ. మళ్ళీ. అక్క గొంతు అప్పటికే బొంగురు, అయినా అందరికంటే ముందు ఆమే, మిగతావాళ్ళు ఆమెని అందుకుంటున్నారు. అయిపోయాక రికార్డింగు ఆపడం మర్చిపోయినట్టున్నాడు. అక్క దగ్గు. తర్వాత, "అయ్యిందా నాయనా? ఇంతేనా? దీనికోసమా నన్ను స్నానం చేసి రమ్మంది ఇది?" అందరి నవ్వులు. నా నవ్వు కూడా ఉంది అందులో.

హెడ్‌ఫోన్స్ ఆపేశాడు. నా మొహం వైపు చూడకుండా వైర్లు సర్దాడు.

కాపీ ఇమ్మన్నాను. బుక్ చేసింది మీ అన్నయ్య, ఆయన ఊ అంటే ఇస్తానన్నాడు. అన్నయ్య ఫైనల్ కాపీ తీసుకెళ్ళిపోయాడు కాబట్టి వచ్చే శుక్రవారం పొద్దున ఇవన్నీ చెరిపేస్తాడట, కొత్త బ్యాండుకి చోటు కావాలట. ఎవరి కోసం ఎన్నని దాచనమ్మా అన్నాడు. బతిమాలాను. నేను బతిమాలాను. "మీ ఇంటి గొడవలోకి నన్ను లాగొద్దు" అన్నాడు.

మార్చి 15, ఆదివారం

వెళ్ళాను.

వారమంతా బస్సు తప్పిందనీ షిఫ్టు అనీ రాశాను. బస్సులు నిమిషానికొకటి వెళ్తాయి ఆ దారిలో.

అక్క దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ కింద రంధ్రం, దాని మీద గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచి వస్తోంది, సన్నగా ఈల వేసినట్టు. స్వరపేటిక మొత్తం తీసేశారు. నాకు తెలుసు, ముందే చెప్పారు, అయినా నేను "ఎలా ఉన్నావక్కా?" అని అడిగి జవాబు కోసం నిలబడ్డాను. గాడిదలా నిలబడ్డాను.

పెదాలు కదిలాయి. ఏం రాలేదు. తనే నవ్వి, మంచం మీద చెయ్యి కొట్టి కూర్చోమంది.

బావ బత్తాయి రసం గ్లాసులో పోస్తున్నాడు. మంచం నిండా దుప్పటి, మూలన మా లాండ్రీ ముద్ర. అక్క దాని అంచు వేళ్ళతో రుద్ది, నా వైపు చూసి మొహం చిట్లించింది. సరిగ్గా ఆరలేదని. "నువ్వు లేవుగా, ఎవడు పట్టించుకుంటాడు" అన్నాను. భుజాలు ఊగేలా నవ్వింది. నవ్వుకీ శబ్దం లేదు.

పిన్ని చొక్కా సంగతి చెప్పలేదు.

తర్వాత పిడికిలి నోటి ముందు పెట్టుకుని చూపించింది. మైకు. పాట ఏమైందని.

"బాగా వచ్చిందక్కా" అన్నాను. "అన్నిటికంటే ముందు నీ గొంతే వినపడుతుంది."

నా నోరే అంది ఆ మాట. ఎలా అందో తెలీదు.

అక్క బావ చెయ్యి పట్టుకుని ఊపింది. ఆయన నా వెనకే వరండాలోకి వచ్చాడు. "వచ్చే ఆదివారం ఇంటికి పంపిస్తారమ్మా. పాట తీసుకురా. మా ఇంట్లో ఆవిడ గొంతు ఎక్కడా లేదు. ఫొటోలున్నాయి. పెళ్ళి వీడియో ఉంది, అందులో మాటలు తీసేసి సంగీతం పెట్టారు వెధవలు. ఫోన్లో మాట్లాడుకున్నాం, అవి ఎక్కడికి పోతాయో ఏమో. రోజంతా ఆ అరుపులేంటే అని విసుక్కునేవాణ్ణి."

ఆదివారం తెస్తానని మాటిచ్చాను.

మార్చి 16, సోమవారం

అన్నయ్య ఇంటికి రావడం లేదు, డబ్బాగాడి గదిలోనే పడుకుంటున్నాడు. ఫోన్ ఎత్తడు. మిరపకాయ చోటులో నేను నిలబడ్డాను, అక్కలాగే ముందుగా వేశాను కేక. షిఫ్టు అయ్యేసరికి నా గొంతు బొంగురు. బ్లీచ్ ఆవిరి వల్ల. ఏం లేదు.

మార్చి 17, మంగళవారం

పొద్దున లేచేసరికి కూడా బొంగురే. ఏం లేదు.

స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళాను. నన్ను చూసి వెనక గోడౌన్‌లోకి వెళ్ళిపోయాడు. వేలమంది జనం ఎదురుగా నిలబడి గర్జిస్తాడట, చెల్లెలి మొహం చూడలేడు. ఫోన్లో రాయబోతే బూతులు తప్ప రావడం లేదు. ముందు ఇక్కడ రాసి, బూతులు కొట్టేసి, ఉన్నది పంపుతాను. గోడౌన్‌లో దాక్కున్నా మెసేజ్ వస్తుంది కదా.

అన్నయ్యా,

నీ మెటల్ పాట నువ్వుంచుకో. నిజంగా చెప్తున్నాను, ఉంచుకో. సోలో బాగుంది. ఆ వేదికెక్కు, లైట్ల కింద నిలబడు, నేను అడ్డురాను, కింద నిలబడి చూస్తాను కూడా. కానీ నా మాటలు తీసేసి నీ మాటలు పెట్టుకో, ఆవిరి అన్న పేరు తీసేయ్. ఇది బతిమాలడం కాదు.

ఇంకొకటి, ఇది మాత్రం బతిమాలడమే. స్టూడియోలో ఉన్న మా కేకలు నాకు కావాలి. సరిదిద్దినవి వద్దు. గీత మీదికి జరిపినవి వద్దు. మేం ఎక్కడ అరిచామో అక్కడే ఉన్నవి, చివర్న అక్క దగ్గు, అక్క మాట, ఏదీ కత్తిరించకుండా. లోకంలో ఆమె గొంతు ఇంకెక్కడా లేదురా. బావని అడుగు, చెప్తాడు. నేను అబద్ధం చెప్పి వచ్చాను ఆమెకి. ఆదివారం లోపు అది నిజం కావాలి.

నువ్వు చెయ్యాల్సింది హెడ్‌ఫోన్స్‌కి ఫోన్ చేసి, ఇచ్చేయండి అనడం. అంతే. ఆయన శుక్రవారం పొద్దున చెరిపేస్తున్నాడు. గురువారం సాయంత్రం ఐదింటికి నా షిఫ్టు దిగుతుంది. స్టూడియో ఆరింటికి మూస్తారు. నేను లాండ్రీ గేటు దగ్గర నిలబడి ఉంటాను. ఫోన్ చేస్తావో, మనిషివే వస్తావో నీ ఇష్టం. ఇస్తావా, ఇవ్వవా? గురువారం ఐదింటికల్లా చెప్పు.